వదిన పచ్చళ్లకి ఒక పేజీ: వెబ్ డిజైన్ సున్నా నుంచి ఎట్టా మొదలుపెట్టాలి

"అన్నా, వెబ్ డిజైన్ నేర్చుకుందామనుకుంటున్నా, ఏ కోర్సులో చేరమంటావ్" అని అడిగే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. అందులో సగం మంది అప్పటికే యూట్యూబ్‌లో పెద్ద ప్లేలిస్ట్ ఒకటి సేవ్ చేసుకుని మూడో వీడియో దగ్గర ఆగిపోయి ఉంటారు. నేనూ అట్టాగే ఆగిపోయా, ఒకసారి కాదు రెండుసార్లు. మూడోసారి ఆగలేదు, ఎందుకంటే ఈసారి వీడియోలు పక్కనపెట్టి మా వదినకి పేజీ చేసిపెడతానని మాటిచ్చేశా, వదినకి మాటిచ్చి తప్పించుకోవడం మా ఇంట్లో కుదిరే పని కాదు.

వదిన గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముద్ది. గోంగూర, పండుమిర్చి, ఆవకాయ, ఇంకా నల్లకారం లాంటి పొడులు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఈ గైడ్ మొత్తం ఆ పేజీ చుట్టూనే తిప్పుతా. మీకు పచ్చళ్ల వదిన లేకపోతే బ్లౌజులు కుట్టే పిన్నో, ట్యూషన్ చెప్పే అక్కో, బెజవాడ ఆటోనగర్‌లో షెడ్డున్న బాబాయో ఎవరో ఒకరు ఉంటారుగా, వాళ్లని పట్టుకోండి. ఊరికే ప్రాక్టీస్ కోసం చేసే పేజీ మధ్యలో వదిలేస్తే అడిగేవాళ్లుండరు, వదిన అయితే రోజూ అడుగుద్ది.

ఒక మాట ముందే చెప్తా. ఇక్కడ ట్యాగులు (ఇది టైటిల్, ఇది ఫొటో అని బ్రౌజర్‌కి చెప్పే గుర్తులు), ప్రాపర్టీల (రంగు, సైజు లాంటివాటి) పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. స్పెల్లింగ్ గురించి భయపడొద్దు, రెండు మూడు అక్షరాలు కొట్టగానే మిగతాది ఎడిటరే చూపిస్తది.

మొదటి స్టెప్: కాగితం

కంప్యూటర్ ఆన్ చేయకముందు వదిన ఫోన్ తీసుకుని ఒక వారం చాట్లు చదివా (అడిగే చదివాలెండి). అందరూ అడిగేవి మూడే: ఇప్పుడు ఏమేం ఉన్నాయి, కేజీ ఎంత, మా ఊరికి పంపిస్తారా. అంటే పేజీలో పైనుంచి కిందకి ఈ మూడిటికి జవాబు ఉండాలి, ఆఖర్న ఆర్డర్ బటన్ ఒకటి ఉండాలి, అంతే. "మా గురించి", "మా ఆశయం" లాంటివి ఎవరూ అడగలేదు కాబట్టి పెట్టలేదు.

పాత క్యాలెండర్ కాగితం వెనకాల ఫోన్ సైజులో నిలువు డబ్బా గీసి అందులో గళ్లు గీశా. వదిన చూసి "ఏందయ్యా ఈ గళ్లు, తొక్కుడుబిళ్ల ఆడతన్నావా" అంది, కానీ ఆ వెంటనే "రేటు కింద ఎక్కడో ఎందుకు, పేరు పక్కనే ఉండాలిగా" అని పెన్సిల్ లాక్కుని మార్చేసింది. కాగితం మీద ఆ మార్పుకి అర నిమిషం పట్టింది. కోడ్ రాశాక అడిగి ఉంటే కొత్తల్లో నాకు ఒక పూట పట్టేది. డిజైన్ అంటే రంగులు కాదు ముందు ఈ పని, దీన్ని మాత్రం దాటేయొద్దు.

రెండో స్టెప్: సామాన్లు

ఖర్చేం లేదు. పాత లాప్‌టాప్ చాలు, అందులో విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్, క్రోమ్ బ్రౌజర్. ఎడిటర్‌లో లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మీరు సేవ్ కొట్టిన ప్రతిసారీ పేజీ దానంతటదే రిఫ్రెష్ అవుద్ది. ఫోన్లోనే నేర్చుకోవచ్చా అంటే చేసేవాళ్లున్నారు గానీ ఆ చిన్న కీబోర్డు మీద బ్రాకెట్లు కొట్టి కొట్టి విసుగొచ్చి మానేస్తారు.

ఒక ఫోల్డర్ తెరవండి. అందులో పేజీలో ఏముందో రాసే ఇండెక్స్ అనే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు, దాని అందం చూసే స్టైల్ అనే సీఎస్ఎస్ ఫైలు, లెక్కల్లాంటి పనులు చేసే స్క్రిప్ట్ అనే జావాస్క్రిప్ట్ ఫైలు, ఫొటోలకి ఇంకో చిన్న ఫోల్డర్. పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. ఎందుకో ఆఖర్న చెప్తా, అక్కడ నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

మూడో స్టెప్: హెచ్‌టీఎమ్‌ఎల్

ఇది అందం గురించి కాదు, ఏది ఏంటో చెప్పడం గురించి. ఇది టైటిల్, ఇది పేరా, ఇది లిస్టు, ఇది ఫొటో, అంతే. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ ల్యాబ్‌లో ఈ వెబ్ ఆలోచన పెట్టింది శాస్త్రవేత్తలు తమ పేపర్లని ఒకదానికొకటి కలుపుకోవడానికి, అందుకే హెడ్డింగ్, పేరాగ్రాఫ్, లిస్టు, లింకు అని ట్యాగుల పేర్లన్నీ ఒక రిపోర్టులో ఉండే పేర్లలాగే ఉంటాయి. ఈ సంగతి తెలిశాక నాకు ట్యాగులు బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

ఖాళీ ఇండెక్స్ ఫైలులో ఒక్క ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ట్యాబ్ నొక్కండి, మొత్తం అస్థిపంజరం వచ్చేస్తది. అందులో మూడు చోట్ల చూడండి. పైన లాంగ్ అనే చోట ఇంగ్లిష్ కోడ్ ఉంటది, దాన్ని తెలుగు కోడ్ అయిన టీ-ఈ కి మార్చండి, అప్పుడు కళ్లు కనపడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి ఇది తెలుగులో చదవాలని తెలుస్తది. చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఉన్న లైను చెరపొద్దు, అది పోతే తెలుగు అక్షరాలు పిచ్చి గీతలయ్యే ప్రమాదం ఉంది. వ్యూపోర్ట్ అని ఉన్న లైను కూడా అంతే, దాని కథ ఫోన్ దగ్గర చెప్తా.

ఇక బాడీలో: పైన హెడర్, మధ్యలో మెయిన్, కింద ఫుటర్. షాపు పేరుకి హెచ్1 (అన్నిటికంటే పెద్ద హెడ్డింగ్ ట్యాగు), అది పేజీకి ఒక్కటే. "పచ్చళ్లు", "పొడులు" అనే వాటికి హెచ్2. ఒక్కో రకానికి ఒక్కో ఆర్టికల్ ట్యాగు, అందులో ఫొటో, పేరు, రేటు. కొత్తవాళ్లు చేసే తప్పేంటంటే అక్షరాలు కొంచెం చిన్నగా కావాలని హెచ్4 వాడేయడం. సైజు సంగతి సీఎస్ఎస్ చూసుకుంటది, ఇక్కడ వరస మాత్రమే చూడండి.

ఫోన్ చేసే లింకుకి అడ్రస్ స్థానంలో టెల్ అని రాసి కోలన్ పెట్టి నంబర్. వాట్సాప్ లింకుకి డబ్ల్యూఏ డాట్ ఎమ్ఈ, స్లాష్, తర్వాత 91తో మొదలయ్యే నంబర్. దాని ముందు ప్లస్ గుర్తు పెట్టకూడదు, సున్నా పెట్టకూడదు, మధ్యలో ఖాళీ కూడా ఉండకూడదు. ఫుటర్‌లో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబర్ వేయండి, తినే వస్తువు అమ్మేటప్పుడు అది కనపడాలి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. వదిన పాంప్లెట్ మ్యాటర్ అప్పటికే డీటీపీ షాపులో కొట్టించి ఉంది కదా, మళ్లీ టైప్ చేయడం ఎందుకని ఆ ఫైలు తెచ్చి కాపీ పేస్ట్ చేశా. బ్రౌజర్‌లో చూస్తే గోంగూర లేదు ఆవకాయ లేదు, డాలర్ గుర్తులు, టోపీ పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు. తప్పు వాళ్లది కాదు, నాదే. మన దగ్గర పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు ఎక్కువగా అను లాంటి ఫాంట్లలో కొడతారు, వాటిలో లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే, పైన తొడిగిన బొమ్మ మాత్రం తెలుగుది. ప్రింటుకి అది చాలు, వెబ్‌కి చాలదు. వెబ్‌కి యూనికోడ్ కావాలి, అందులో తెలుగుకి విడిగా చోటుంది, ప్రతి అక్షరానికి సొంత నంబరుంది. ఫోన్లో జీబోర్డుతో మీరు కొట్టే తెలుగు యూనికోడే. కాబట్టి పాత మ్యాటర్ ఉంటే కన్వర్టర్‌లో మార్చుకోండి, మార్చాక ఒత్తులు మాత్రం కళ్లతో సరిచూసుకోండి. నేనైతే కూర్చుని మొత్తం మళ్లీ కొట్టా.

నాలుగో స్టెప్: సీఎస్ఎస్

సీఎస్ఎస్‌లో ఒక్క లైను అర్థమైతే అన్నీ అర్థమైనట్టే: ఎవరికి, ఏది, ఎంత. "రేటు అనే క్లాసుకి, రంగు, మెరూన్." క్లాసు అంటే ట్యాగుకి మనం పెట్టుకునే పేరు. ఇట్టాగే వందల లైన్లు ఉంటాయి. కష్టం ఎక్కడంటే డబ్బాల దగ్గర.

పేజీలో ప్రతిదీ ఒక డబ్బా. పచ్చడి పార్సిల్ కట్టేటప్పుడు చూడండి, లోపల సీసా ఉంటది, అది కంటెంట్. సీసాకి అట్టపెట్టెకి మధ్య కుక్కే పేపర్లు ప్యాడింగ్. అట్టపెట్టె బోర్డర్. ఒక పెట్టెకి ఇంకో పెట్టెకి మధ్య వదిలే ఖాళీ మార్జిన్. ఇప్పుడు మీరు వెడల్పు 300 పిక్సెల్స్ అని చెప్పి, ప్యాడింగ్ అటు 20 ఇటు 20, బోర్డర్ అటు 1 ఇటు 1 ఇస్తే పెట్టె 342 అయి కూర్చుంటది, ఎందుకంటే మామూలుగా ఆ 300 అనేది సీసా కొలత, పెట్టె కొలత కాదు. అందుకే సీఎస్ఎస్ ఫైలు మొదట్లోనే అన్నిటికీ బాక్స్ సైజింగ్ బోర్డర్ బాక్స్ అని రాసేస్తారు, అప్పుడు 300 అంటే పెట్టె మొత్తం 300. ఇంకో వింత: పైదానికి కింద 20 మార్జిన్, కిందిదానికి పైన 30 మార్జిన్ ఇస్తే మధ్యలో 50 రాదు, 30 మాత్రమే వస్తది, పెద్దది చిన్నదాన్ని మింగేస్తది. నేను దీన్ని బగ్ అనుకుని గంట కొట్టుకున్నా, కాదు, రూలే అంత.

తెలుగు ఫాంటుకి వద్దాం, ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి చాలా ఉన్నాయి, హింద్ గుంటూర్ అని మన ఊరి పేరుతోనే ఒకటుంది, నేను అదే పెట్టా, ఊరి అభిమానం కొంత ఉన్నా సన్నం లావు రకాలు దాంట్లోనే ఉండటం అసలు కారణం. ఒకే లావులో వచ్చే ఫాంటుకి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని ఉబ్బించేస్తది, సుడులు పూడుకుపోయి చదవలేం. రెండోది, లైన్ హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) 1.7 దగ్గర పెట్టండి. ఇంగ్లిష్‌కి సరిపోయే 1.4 మన అక్షరానికి ఇరుకు, పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. మూడోది, అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ తెలుగు మీద వాడనే వాడొద్దు.

రంగులు. గుంటూరు అనగానే అందరూ మిర్చి ఎరుపు మీద పసుపు అక్షరాలు పెడతారు, నేనూ పెట్టా. అచ్చ ఎరుపు మీద అచ్చ పసుపు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుగు తేడా) 3.7 దగ్గర ఆగిపోద్ది, మామూలు సైజు అక్షరాలకి 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి రంగు గడి మీద క్లిక్ చేస్తే ఈ నంబర్ చూపిస్తది. అంతకంటే మంచి టెస్టు, మిట్టమధ్యాహ్నం శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి ఫోన్లో పేజీ తెరవడం. నేను అట్టా చూశాకే మీగడ రంగు బ్యాక్‌గ్రౌండ్, మెరూన్ అక్షరాలకి మారా.

ఇక లేఅవుట్. ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అని రెండున్నాయి, ఏది ఎప్పుడు అని అందరికీ అయోమయం. బ్రాడీపేటలో అడ్రస్ ఎట్టా చెప్తాం? 4/14 అంటాం, నాలుగో లైను, 14వ అడ్డరోడ్డు. లైన్లూ అడ్డరోడ్లూ రెండూ ఉన్నాయి కాబట్టి అది గ్రిడ్. ఒకే వీధిలో వరసగా ఇళ్లుంటే అది ఫ్లెక్స్‌బాక్స్. పైన షాపు పేరు ఒక పక్క, ఫోన్ బటన్ ఒక పక్క, అది ఒక వీధి, ఫ్లెక్స్ చాలు. పచ్చళ్ల కార్డులు వరసలు వరసలుగా రావాలి, గ్రిడ్ పెట్టండి.

గ్రిడ్‌లో ఒక మంత్రం లాంటి లైనుంది, కాలమ్స్ దగ్గర రిపీట్, అందులో ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ అని రాస్తే స్క్రీన్‌లో ఎన్ని కార్డులు పడితే అన్నే వేస్తది. నేను కార్డు కనీస వెడల్పు 160, మధ్య గ్యాప్ 16 ఇచ్చా. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది, వదిన ఫోన్లో మాత్రం వరసకి ఒకే కార్డు వస్తోంది. లెక్కేస్తే తెలిసింది: ఫోన్ వెడల్పు 360, అంచులకి అటు ఇటు 16 పోతే మిగిలేది 328, రెండు కార్డులు ఒక గ్యాపు కలిపితే 336. ఎనిమిది పిక్సెల్స్ తక్కువ. కనీసాన్ని 150 చేశా, 316 అయింది, రెండు కార్డులూ వచ్చి కూర్చున్నాయి. సీఎస్ఎస్ మన మాట వినట్లేదు అనిపించినప్పుడు తిట్టుకోకుండా ఒకసారి ఇట్టా కూడిక చేసి చూడండి.

ఐదో స్టెప్: ఫోన్, ఫొటోలు

వ్యూపోర్ట్ లైను లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీని పాత కంప్యూటర్ పేజీ అనుకుని 980 పిక్సెల్స్ వెడల్పులో గీసి మొత్తాన్ని కుదించి చూపిస్తది, చీమ తలకాయంత అక్షరాలు. అందుకే చెరపొద్దన్నది. బటన్లు బొటనవేలికి అందేలా 48 పిక్సెల్స్ ఎత్తు ఉంచండి. ఇన్‌పుట్ గడుల్లో అక్షరం 16 కంటే తగ్గితే ఐఫోన్‌లో ముట్టుకోగానే పేజీ జూమ్ అయిపోద్ది.

ఫొటోల దగ్గరే కొత్తవాళ్ల పేజీలు మునిగిపోతాయి. ఫోన్లో తీసిన ఫొటో ఒక్కోటి 4000 పిక్సెల్స్ వెడల్పు, నాలుగైదు ఎంబీలు ఉంటది, ఎనిమిది పచ్చళ్లకి ఎనిమిది పెడితే బస్సులో కూర్చుని చూసేవాడికి తెరుచుకునేలోపు తెనాలి వచ్చేస్తది. మన కార్డు 150 పిక్సెల్స్, స్క్రీన్ ఒక్కో పిక్సెల్‌కి అడ్డంగా మూడు చుక్కలు వాడినా 450, కాబట్టి 600 వెడల్పు చాలు. స్కూష్ అని బ్రౌజర్‌లోనే నడిచే ఫ్రీ టూల్ ఉంది, అందులో సైజు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే ఎంబీలు కాస్తా కేబీలవుతాయి. ఇమేజ్ ట్యాగులో వెడల్పు, ఎత్తు రాయండి, లేకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా పేజీ కిందకి దూకి చదివేవాడి వేలు ఇంకోచోట పడుద్ది. ఫొటో కనపడనివాళ్లకి వినిపించే ఆల్ట్ దగ్గర "ఫొటో1" అని కాదు, "గాజు సీసాలో గోంగూర పచ్చడి" అని రాయండి. సీఎస్ఎస్‌లో అన్ని ఫొటోలకి గరిష్ఠ వెడల్పు 100 శాతం, ఎత్తు ఆటో.

ఆరో స్టెప్: జావాస్క్రిప్ట్, చిటికెడు

పై ఐదు స్టెప్పులతోనే పేజీ పనిచేస్తది, కాబట్టి ఇక్కడిదాకా వచ్చి ఆగినా తప్పులేదు. వదిన మాత్రం "ఎన్ని కేజీలో కొడితే మొత్తం ఎంతో అదే చెప్పాలి" అంది.

పని నాలుగు అడుగులు. క్వెరీ సెలెక్టర్‌తో గడిని పట్టుకోవాలి, యాడ్ ఈవెంట్ లిజనర్‌తో మార్పు కోసం కాచుకోవాలి, లెక్కేయాలి, టెక్స్ట్ కంటెంట్‌తో ఫలితం పేజీలో రాయాలి. రాశా, గోంగూర 1 కేజీ, ఆవకాయ 2 కేజీలు కొట్టా, మొత్తం బరువు 12 కేజీలు అని చూపించింది! గడిలోంచి వచ్చేది అంకెలా కనపడ్డా జావాస్క్రిప్ట్‌కి అది అక్షరమే, అక్షరాలని ప్లస్‌తో కలిపితే పక్కపక్కన అతికిస్తది. దాన్ని నంబర్ అనే ఫంక్షన్లో వేసి తీస్తే 3 వచ్చింది. బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ కోసం ఈ భాష మొదటి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు, ఆ తర్వాత ప్రపంచమంతా వాడేస్తుంటే ఇట్టాంటి అలవాట్లు మార్చడం కుదరదుగా, మార్చితే పాత పేజీలు పగిలిపోతాయి.

ఆర్డర్ బటన్ నొక్కగానే లిస్టంతా వాట్సాప్ మెసేజ్‌గా పోవాలంటే లింకు చివర టెక్స్ట్ జోడించాలి, దానికి ముందు ఎన్‌కోడ్ యూఆర్ఐ కాంపొనెంట్‌లో వేసి తీయాలి, లేకపోతే మెసేజ్ మధ్యలో అండ్ గుర్తు వచ్చినచోట మిగతాది తెగిపోద్ది. ఏదైనా ఆగిపోతే ఎఫ్12లో కన్సోల్ (తప్పులు చూపించే చోటు) తెరవండి, ఎర్ర లైను చివర ఫైలు పేరు, లైను నంబర్ ఉంటాయి, ముందు అక్కడికి వెళ్లండి, చాట్‌జీపీటీని అడగడం ఆ తర్వాత. ఇంకోటి, బ్రౌజర్‌లో వేసే లెక్కని ఎవరైనా మార్చగలరు, కాబట్టి డబ్బులు తీసుకునే ముందు వదిన మళ్లీ ఒకసారి లెక్క చూసుకుంటది.

రియాక్ట్, టెయిల్‌విండ్, బూట్‌స్ట్రాప్ లాంటి రెడీమేడ్ కోడ్ సామాన్లు ఎప్పుడు అంటారు. ఇట్టాంటి పేజీలు మూడు చేశాక. ఇప్పుడే పట్టుకుంటే ఏ తప్పు మీదో, ఏది దానిదో తెలీదు.

ఏడో స్టెప్: ఊళ్లోకి వదలడం

గిట్‌హబ్‌లో (కోడ్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే చోటు) అకౌంట్ తెరిచి ఒక రిపాజిటరీ, అంటే ప్రాజెక్టు ఫోల్డర్, చేసి ఫైళ్లు అప్‌లోడ్ చేయండి, మొదట్లో కమాండ్లు అక్కర్లేదు, బ్రౌజర్లోనే లాగి పడేయొచ్చు. ప్రాక్టీస్ పేజీ అయితే గిట్‌హబ్ పేజెస్‌లోనే ఫ్రీగా పెట్టుకోవచ్చు. కానీ అమ్మకాలు నడిపే సైటుకి దాన్ని వాడకూడదని వాళ్ల రూల్సులో ఉంది, చాలామంది చూసుకోరు. అందుకని మేం రిపాజిటరీని సైట్లు నెట్‌లో పెట్టే నెట్లిఫైకి కలిపాం, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ కూడా ఇట్టాంటిదే. ఫైలు మారగానే సైటు దానంతటదే మారుద్ది.

మొదటిసారి పెట్టినప్పుడు మూడు ఫొటోలు రాలేదు. నా లాప్‌టాప్‌లో అన్నీ వస్తున్నాయి, నెట్‌లో మూడు రావట్లేదు, రాత్రి రెండింటిదాకా కూర్చున్నా. చివరికి చూస్తే ఆ మూడిటి పేర్లు పెద్ద అక్షరంతో మొదలయ్యాయి, కోడ్‌లో చిన్న అక్షరంతో రాశా. విండోస్‌కి రెండూ ఒకటే, సర్వర్‌కి వేర్వేరు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టమంది ఇందుకే.

సొంత డొమైన్ (సైటు అడ్రస్) కావాలంటే డాట్ ఇన్ తీసుకోండి, కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ రేటు కాకుండా రెన్యూవల్ రేటు ఎంతో చూడండి, వాత అక్కడ పెడతారు.

రేట్లు మార్చడం వదినకే నేర్పా. యార్డులో మిర్చి రేటు కదిలినప్పుడల్లా నాకు ఫోన్ చేయకుండా, ఫోన్లోనే గిట్‌హబ్ తెరిచి పెన్సిల్ బొమ్మ నొక్కి అంకె మార్చి కమిట్, అంటే సేవ్, కొడుద్ది. ఎక్కడ మార్చాలో తెలియడానికి కోడ్ మధ్యలో "రేటు ఇక్కడ వదినా" అని కామెంట్లు పెట్టా. ఒకసారి అంకెతో పాటు అక్షరాలని బోల్డ్ చేసే స్ట్రాంగ్ ట్యాగు ముగింపు కూడా చెరిపేసింది, ఆవకాయ దగ్గర్నుంచి ఫుటర్ దాకా పేజీ అంతా బోల్డ్ అయిపోయింది. నేను హిస్టరీలోకి వెళ్లి ఏం మారిందో పట్టుకుని సరిచేస్తుంటే "ఉండనీయ్, లావుగా బానే కనపడతన్నాయిగా" అంది.